పదవీ విరమణ చేస్తున్న ఇంజనీరింగ్ ఆచార్యుల గురించి శిష్యులు ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సివిల్ ఇంజనీరింగ్‌లో మీకు పాఠం చెప్పి, ప్రాజెక్టు చేయించి, మీరు ఉద్యోగంలో చేరాక కూడా ఫోన్లో సలహాలిస్తూ వచ్చిన ఆచార్యులు వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సంచికకు నాలుగు పేజీల వ్యాసం రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిమ్మల్ని అడిగింది. మూడుసార్లు మొదలుపెట్టినా పొగడ్తలు తప్ప మరేమీ రావడం లేదని, ఆయన కోపిష్ఠి అన్న సంగతి రాయవచ్చో లేదో తేలడం లేదని రాశారు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా మట్టి పరీక్షలు, పునాదుల పనిలో ఉన్నాను. మా మాస్టారి మీద వేర్వేరు సందర్భాల్లో మూడు వ్యాసాలు రాశాను. ఇటువంటి ఒక సంచికకు సంపాదకత్వం వహించి ఇతరుల వ్యాసాలు దిద్దాను కూడా. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సూటిగా సమాధానం: ఆయన ఎంత గొప్పవారో రాయకండి. ఆయన మీ చేత చేయించిన ఒక పనిని, చదివేవారి కళ్లకు కట్టేంత దగ్గరగా రాయండి. ఆ పని ఈ రోజు మీ ఉద్యోగంలో ఎక్కడ అక్కరకొస్తున్నదో ఒక సందర్భంతో చూపండి. కోపం గురించి రాయవచ్చు, అయితే దేని మీద కోపమో తప్పక రాయాలి.

ఇక కారణాలు. మన సభల్లో సన్మాన పత్రం అనే ఒక ప్రక్రియ ఉంది. చట్రం కట్టించి, శాలువాతో పాటు చేతికిచ్చే ఆ కాగితంలో విద్యావినయ సంపన్నులు, మృదుభాషి, స్నేహశీలి, విద్యార్థుల పాలిటి కల్పవృక్షం వంటి మాటలు వరుసగా ఉంటాయి. దానిని నేను తప్పు పట్టను. అది చదివి వినిపించడానికి, గోడకు తగిలించుకోవడానికి పుట్టిన రచన. కానీ అందులోని పేరు చెరిపి మరో ఆచార్యుల పేరు రాసినా ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాదు. నేను దిద్దిన సంచికకు పంతొమ్మిది వ్యాసాలు వస్తే, వాటిలో పదకొండు గురువును బ్రహ్మతో పోల్చే శ్లోకంతోనే మొదలయ్యాయి. ఆ పదకొండింటిలో ఏది ఎవరు రాశారో కింద సంతకం చూస్తే తప్ప నాకు తెలియలేదు. మిగిలిన వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఒక పంచాయతీరాజ్ ఇంజనీరు, కాంక్రీటు పోసేటప్పుడు దాని పలుచదనం చూసే స్లంప్ కోన్ అనే లోహపు గరాటును ఎంత నెమ్మదిగా పైకి లేపాలో సార్ తన చేతిమీద చెయ్యి వేసి నేర్పారని, ఇప్పుడు తాను మేస్త్రీల చేతిమీద చెయ్యి వేసి అలాగే నేర్పుతున్నానని ఒకటిన్నర పేజీలో రాశారు. దాన్ని నేను కామా కూడా మార్చకుండా అచ్చుకు పంపాను.

మా మాస్టారి సంగతి చెబితే నా ఉద్దేశం ఇంకా స్పష్టమవుతుంది. ఆయన కోస్తాలోని ఒక కళాశాలలో మాకు సాయిల్ మెకానిక్స్, అంటే మట్టి బలాన్నీ నడతనూ లెక్కగట్టే శాస్త్రం చెప్పారు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. ప్రయోగశాలలో మొదటి రోజున యంత్రాల మీది గుడ్డలు తీయనే లేదు. బల్ల మీద మూడు పళ్లేలలో మూడు మట్లు పెట్టి ఉంచారు: ఒకటి గోదావరి ఒడ్డు ఒండ్రు, ఒకటి గుంటూరు వైపు నల్లరేగడి, మూడవది మా కళాశాల వెనుక చెరువులోది. ఒండ్రులో నీళ్లు కలిపి మెత్తటి ముద్ద చేసి, అరచేతిలో పరిచి, రెండో చేత్తో ఆ చేతి అంచును తట్టమన్నారు. నాలుగైదు దెబ్బలకే ముద్ద పైన నీటి పొర తేలి, పెనం మీది అట్టుకు నూనె రాసినట్టు మెరిసింది. వేళ్లు దగ్గరకు చేర్చి నొక్కమన్నారు. నొక్కగానే ఆ మెరుపు లోపలికి ఇంకిపోయి పైభాగం పొడిబారింది. నల్లరేగడి ముద్దను చెయ్యి నొప్పి పుట్టేదాకా తట్టినా ఏ మార్పూ రాలేదు. ఆ తర్వాత రెండింటినీ కొద్దికొద్దిగా పళ్ల మధ్య పెట్టి కొరికి చూడమన్నారు. మాలో సగం మంది మొహాలు చిట్లించాం. ఒండ్రు సన్నగా కరకరలాడింది, రేగడి వెన్నలాగా జారింది.

ఎందుకిలా జరిగిందో ఆయన ఆ రోజు చెప్పలేదు. అబ్జర్వేషన్ పుస్తకాలు తీయించి, "చూసింది రాయండి, తెలిసింది రాయకండి" అన్నారు. ఒండ్రు రేణువుల మధ్య సందుల్లోంచి నీరు తేలికగా కదులుతుందని, బంకమట్టిలో ఆ దారులు మరీ సన్నం కనుక అంత త్వరగా కదలలేదని రెండు వారాల తర్వాత తరగతిలో చెప్పారు. అప్పటికే ఆ మెరుపును మా అరచేతిలో చూసి ఉన్నాం కాబట్టి మరిచిపోయే అవకాశమే లేకపోయింది.

ఇది నాకు ఎక్కడ పనికొచ్చిందో కూడా రాస్తాను, ఎందుకంటే వ్యాసానికి అసలు బరువు ఇక్కడే వస్తుంది. ఉద్యోగంలో పన్నెండో ఏట, కృష్ణా డెల్టాలోని ఒక ఊళ్లో ఐదంతస్తుల భవనానికి నేల పరీక్ష కోసం వేసిన బోర్ల నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. బోరు వేసిన సంస్థ పేరు అనవసరం. చదివినవారికి తెలిసిన విషయమే అయినా చెబుతాను: స్టాండర్డ్ పెనట్రేషన్ పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగాక, ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. ఆ సంఖ్యనే ఎన్ విలువ అంటాం; అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టిదన్నమాట. నా ముందున్న నివేదికలో ప్రతి మీటరున్నరకూ ఎన్ విలువలు 4, 6, 8, 10, 12 అంటూ మెట్లు కట్టినట్టు పెరిగాయి. నాలుగు బోర్లలోనూ దాదాపు అదే వరుస. డెల్టా నేల అంత క్రమశిక్షణతో ఉండదు.

నివేదికను వెనక్కి పంపి వివరణ అడగడం కార్యాలయ పద్ధతి. నేను ఆ ఊరికి బస్సెక్కి వెళ్లి నమూనాల పెట్టె తెరిపించాను. ఆరు మీటర్ల లోతుది అని చీటీ అంటించిన ప్లాస్టిక్ సంచిలో ఉన్నది బంకమట్టి అని రాశారు. కొద్దిగా తీసి, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు వేసి, అరచేతిలో పరిచి తట్టాను. ఐదో దెబ్బకు మెరిసింది. బంకమట్టి అని రాసిన చోట ఒండ్రు ఉన్నదంటే, ఆ లోతు వచ్చిన సమయంలో బోరు దగ్గర ఇంజనీరు ఎవరూ నిలబడి లేరన్నమాట. వాచ్‌మన్‌ను అడిగితే, సూపర్‌వైజరు మొదటి రోజు తప్ప రాలేదని చెప్పాడు. నేను దగ్గరుండి రెండు బోర్లు మళ్లీ వేయించాను. ఏడున్నర మీటర్ల దగ్గర రెండు దెబ్బలకే గొట్టం దిగిపోయే మెత్తటి పొర బయటపడింది. భవనం అడుగంతా ఒకే పలకగా వేసే రాఫ్ట్ పునాది అనుకున్నది, నేలలోకి లోతుగా దించే స్తంభాలకు, అంటే పైల్స్‌కు మారింది, ఖర్చు పెరిగింది, యజమాని నన్ను తిట్టుకున్నాడు. ఆ భవనం ఇప్పటికి పద్దెనిమిదేళ్లుగా నిలిచి ఉన్నది.

నా మొదటి వ్యాసంలో నేను రాసినది ఇంతే: అరచేతిలో మెరుపు, ఆ ప్లాస్టిక్ సంచి. మాస్టారు నిజాయతీపరులు, క్రమశిక్షణకు మారుపేరు వంటి మాటలు ఎక్కడా వాడలేదు. సభ అయ్యాక మా సీనియర్ ఒకాయన వచ్చి, "మాస్టారి నిజాయతీ గురించి బాగా రాశావయ్యా" అన్నారు.

పెద్దవారి విషయంలోనూ ఇదే జరిగింది. ఒకప్పటి ఇస్రో అధిపతి సతీష్ ధావన్ గారినే తీసుకోండి. మనకు ఆయన శ్రీహరికోట వల్ల తెలుసు. అక్కడి ప్రయోగ కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టారు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైనప్పుడు విలేకరుల ముందు తానే కూర్చోవడం, 1980 జూలై 18న విజయం సాధించినప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారిని పంపడం అందరూ చెప్పుకునే సంగతి. కలాం గారు దాన్ని ఎన్నోసార్లు చెప్పారు. అది అంతగా నిలిచిపోవడానికి కారణం అందులో ఒక్క విశేషణం కూడా లేకపోవడమే: రెండు తేదీలు, ఒక బల్ల, ఎవరు ముందుకు వచ్చారు అన్న వివరం. అయితే దయచేసి మీ వ్యాసంలో ఆ ఉదాహరణ వాడకండి. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు వాడుతూనే ఉన్నారు.

నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ధావన్ గారు ఆచార్యులుగా చేసిన పని. లాహోర్‌లో ఇంజనీరింగ్‌తో పాటు ఆంగ్ల సాహిత్యంలోనూ పట్టా పుచ్చుకున్న మనిషి ఆయన. అమెరికాలోని కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో డాక్టరేట్ పూర్తి చేసి, అదే సంవత్సరం బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. గాలి ఒక పలకను రాసుకుంటూ పోయేటప్పుడు కలిగే ఘర్షణను నేరుగా కొలవడం ఆయన పరిశోధన. పలకలో చిన్న ముక్కను విడిగా, చుట్టూ సన్నటి సందు వదిలి అమర్చి, గాలి ఆ ముక్కను ఏ మాత్రం కదిపిందో కొలిచారు. ఆయన శిష్యుడు రొద్దం నరసింహ ఆయనతో కలిసి 1958లో ప్రచురించిన పత్రం, వరుసగా సాగే ప్రవాహం అల్లకల్లోలంగా మారే దశ గురించినది. ఆ రంగంలో దానిని ఇప్పటికీ ఉదహరిస్తారు. తర్వాత నరసింహ కూడా కాల్‌టెక్‌కు వెళ్లి అదే లీప్‌మన్ దగ్గర డాక్టరేట్ చేశారు. ధావన్ గారి గౌరవార్థం నరసింహ, కలాం కలిసి సంపాదకత్వం వహించిన సంపుటి 1988లో వచ్చింది. అందులో నిండా ఉన్నవి ద్రవగతి శాస్త్రం మీద, అంతరిక్ష సాంకేతికత మీద వ్యాసాలు. గురువుకు శిష్యులు చూపిన గౌరవం పని రూపంలోనే ఉన్నది.

మా రంగంలో కార్ల్ టెర్జాగీది కూడా అలాంటి కథే. 1925లో ఆయన జర్మన్ భాషలో ప్రచురించిన గ్రంథంతో ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రం (సాయిల్ మెకానిక్స్) మొదలైందని అంటారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆర్థర్ కాసాగ్రాండె, మట్టి లిక్విడ్ లిమిట్, అంటే అది ద్రవంలా జారడం మొదలుపెట్టే తేమ శాతం కొలిచే ఇత్తడి గిన్నె పరికరాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చారు. గిన్నె పది మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడుతూ 25 దెబ్బలకు గాడి పూడుకోవాలి. మన రాష్ట్రాల్లో ఏ సివిల్ విద్యార్థీ ఆ పిడి తిప్పకుండా కళాశాల దాటడు. 1960లో కాసాగ్రాండె, రాల్ఫ్ పెక్, స్కెంప్టన్, బ్యెర్రుమ్ కలిసి టెర్జాగీ గౌరవార్థం ఒక సంపుటి తెచ్చారు. వారు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆయన గురించి తాము రాసినదానితో సరిపెట్టుకోకుండా ఆయన రాసినవాటినే ఏరి అందులో చేర్చారు. మీరు కూడా మీ ఆచార్యుల చేతిరాతలో దిద్దిన పాత రికార్డు పుట ఒకటి దొరికితే, ఫొటో తీసి వ్యాసంతో పాటు వేయించండి. నాలుగు పేరాల పని అది ఒక్కటే చేస్తుంది.

ఇక కోపం సంగతి. మా మాస్టారూ కోపిష్ఠే. ప్లాస్టిక్ లిమిట్ ప్రయోగంలో తడి మట్టిని గాజు పలక మీద వేళ్లతో దొర్లిస్తూ 3 మిల్లీమీటర్ల మందం దారంగా చేయాలి. సరిగ్గా ఆ మందానికి వచ్చేసరికి అది చిట్లడం మొదలైతే, అప్పుడు అందులో ఉన్న తేమ శాతమే ఆ మట్టి ప్లాస్టిక్ లిమిట్. దొర్లించడం విసుగు పుట్టించే పని, వేళ్లు బొబ్బలెక్కుతాయి. మా బ్యాచ్‌లో నలుగురు ఆ విసుగు భరించలేక సీనియర్ల రికార్డు నుంచి అంకెలు దించేశారు. మాస్టారు ఏమీ అనకుండా బీరువా తెరిచి, మూడేళ్ల కిందటి రికార్డు తీసి, దశాంశంతో సహా అవే అంకెలున్న పుటను వారి పుట పక్కన పెట్టారు. ఆ తర్వాత వచ్చిన కోపం మాత్రం మామూలుది కాదు. ఆ నలుగురికీ ఆ సెమిస్టర్‌లో సంతకం దొరకలేదు. ఇది నేను రాశాను, సభలో చదివాను, ఆ నలుగురిలో ముగ్గురు ముందు వరుసలో కూర్చుని నవ్వారు. తరగతికి ఆలస్యంగా వచ్చినా, చొక్కా గుండీ ఊడినా, వైవాలో తెల్లమొహం వేసినా ఆయన ఏమీ అనేవారు కారు. కోపం ఒక్క దొంగ అంకెల మీదే. ఆ సంగతి కూడా కలిపి రాస్తేనే అది ఆ మనిషి కోపం అవుతుంది, లేకపోతే ఎవరి కోపమైనా కావచ్చు.

అయితే ఇక్కడొక మినహాయింపు ఉంది. నాలుగో మిత్రుడు ఆ సభకు రాలేదు. ఆ రోజు అతని రికార్డును మాస్టారు అందరి ముందు చించివేశారు. అది రాయవచ్చా అని నేను అతనికి ఫోన్ చేసి అడిగాను, వద్దన్నాడు. అందుకే చించిన సంగతి నా వ్యాసంలో లేదు. ఇక్కడ పేర్లేవీ లేవు కనుక ప్రస్తావిస్తున్నాను. అవమానం ఎవరికి జరిగిందో, దానిని రాయడానికి అనుమతి ఇవ్వవలసినవారు వారే. మీ దగ్గర అలాంటి సంఘటన ఉంటే ముందు ఆ వ్యక్తిని అడగండి. ఆచార్యుల మధ్య పాత తగాదాలు, పదోన్నతి గొడవలు వంటివైతే అడగవలసిన పని కూడా లేదు, వదిలేయండి. టెర్జాగీ జీవితంలోనూ వియన్నాలో పాల్ ఫిలుంగర్ అనే ఆచార్యుడితో శాస్త్ర వివాదం ముదిరి, విచారణ సంఘం టెర్జాగీ వైపు మొగ్గాక, 1937లో ఫిలుంగర్ దంపతులు ఆత్మహత్య చేసుకున్న విషాదం ఉన్నది. అటువంటివి జీవిత చరిత్ర రాసేవారు పత్రాలన్నీ ముందేసుకుని తేల్చవలసినవి. వీడ్కోలు సంచికలో నాలుగు పేజీలు వాటికి చాలవు.

లోపం అసలే రాయకూడదని మాత్రం నేను అనను. మా మాస్టారు కంప్యూటర్ విశ్లేషణను చాలాకాలం నమ్మలేదు. దాని వల్ల మా రెండు మూడు బ్యాచ్‌లు ఆ విద్యను ఉద్యోగాల్లో చేరాక, మా కంటే చిన్నవారి దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాశాను. ఆయన చదివి, "నిజమే" అని ఊరుకున్నారు. పని గురించిన లోపమైతే ఇలా ఒక వాక్యంలో చెప్పవచ్చు.

మిగిలినవి త్వరగా చెబుతాను. పుట్టిన ఊరు, చేరిన సంవత్సరం, ఎందరికి డాక్టరేట్ మార్గదర్శకత్వం చేశారు, ఎన్ని పత్రాలు ప్రచురించారు వంటి వివరాలు సంచికలో మొదటి పుటలో ఎలాగూ వేస్తారు. మీరు మళ్లీ రాయవద్దు. ఆయన కుటుంబ సభ్యులు కూడా చదువుతారు, వారిలో ఇంజనీర్లు కానివారు ఉంటారు. కనుక సాంకేతిక విషయం ఒక్కటే ఎంచుకుని, ఇంట్లో అమ్మగారికి అర్థమయ్యేలా విప్పి చెప్పండి. జ్ఞాపకం మీద ఆధారపడి తేదీలు వేయకండి. నేను మా ప్రాజెక్టు సంవత్సరం తప్పు రాస్తే, బ్యాచ్ వాట్సాప్ బృందంలో ముగ్గురు మూడు సంవత్సరాలు చెప్పారు; చివరికి బైండు చేయించిన ప్రాజెక్టు నివేదిక అట్ట మీద చూసి సరిదిద్దుకున్నాం.

వ్యాసం ముందుగా ఆయనకు చూపించాలా అని మీరు అడగలేదు గానీ, ఆ సందేహం వస్తుంది. మొత్తం చూపించవద్దు, ఇబ్బంది పడతారు, పొగిడిన చోటల్లా కొట్టేస్తారు. సాంకేతిక భాగం ఉన్న పేరా ఒక్కటి పంపండి. నేను అలాగే పంపితే రెండో రోజు ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. 3 మిల్లీమీటర్ల దగ్గర దారం "విరిగింది" అని నేను రాసిన చోట కొట్టివేసి, "చిట్లడం మొదలైంది" అని రాశారు. పక్కన చిన్న అక్షరాలతో, ఇన్నేళ్లయినా తేడా తెలియలేదా అని ప్రశ్న గుర్తు. అది ఆయన ఇచ్చిన చివరి దిద్దుబాటు అనుకున్నాను గానీ, ఆ తర్వాత కూడా నా నివేదికలు రెండు దిద్దారు.

సభలో చదవమంటే నాలుగు పేజీలూ చదవకండి. ప్రయోగశాల భాగం ఒక్కటి ఐదు నిమిషాల్లో చదివి దిగిపోండి, మీ తర్వాత ఇంకా పదిమంది మాట్లాడవలసి ఉంటుంది. అచ్చుకు మూడున్నర పేజీలే ఇచ్చి, మిగిలిన అర పేజీ ఫొటోకు వదలమని సంపాదకులకు చెప్పండి. శాలువా కప్పుకున్న ఫొటో వద్దు. ఆయన ప్రయోగశాలలో చేతులకు మట్టితోనో, సర్వే శిబిరంలో తలకు తువ్వాలు చుట్టుకునో నిలబడినది మీ బ్యాచ్‌లో ఎవరో ఒకరి అటక మీద తప్పకుండా ఉంటుంది. ఈ వారాంతంలోనే అడగడం మొదలుపెట్టండి.